ఇండియానా కోచ్ సిగ్నెట్టి గురించి తెలిసినవాళ్ళు చెప్తారా? అసలు ఈయన ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు?

ఫిషర్స్_శీను:
అందరికీ నమస్తే. నేను ఇండియానాపోలిస్ పక్కన ఫిషర్స్‌లో ఉంటాను, మా తమ్ముడు బ్లూమింగ్టన్‌లో ఇండియానా యూనివర్సిటీ (ఐయూ)లో ఎంఎస్ చేస్తున్నాడు. నాకు క్రికెట్ తప్ప ఇంకో ఆట పెద్దగా తెలీదు, అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకుంటారు అన్నంతవరకే. కానీ 2026 జనవరిలో ఐయూ కాలేజీ ఫుట్‌బాల్ నేషనల్ ఛాంపియన్‌షిప్ గెలిచిన దగ్గర్నుంచి మా ఆఫీసులో ఎవరి నోట విన్నా కోచ్ కర్ట్ సిగ్నెట్టి పేరే, పక్క సీట్లో పెద్దాయన యాభై ఏళ్ళుగా ఐయూ మ్యాచ్‌లు చూస్తున్నాడట, ఆయన ఈ విషయం చెప్తూ కళ్ళు తుడుచుకున్నాడు. దాంతో నాకు కూడా ఆసక్తి పుట్టింది, తమ్ముడితో కలిసి రీప్లేలు చూడటం మొదలుపెట్టాను.

నా డౌట్ ఏంటంటే, గెలిచేనాటికి ఈయనకి 64 ఏళ్ళు. ఇంత పెద్ద కోచ్ అయితే ఇన్నేళ్ళూ ఏ పెద్ద యూనివర్సిటీ వాళ్ళకీ ఎందుకు కనపడలేదు? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో (ప్రొఫెషనల్ లీగ్‌లో) ఆడాడా? ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? రెండేళ్ళలో అట్టడుగున ఉన్న టీమ్‌ని ఛాంపియన్ చేయడం ఎలా కుదిరింది? నెట్‌లో చూస్తే అన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి, సగం పదాలు నాకు అర్థం కావట్లేదు, ఎవరైనా మొదటి నుంచి మన భాషలో చెప్తే బాగుంటుంది.

బ్లూమింగ్టన్_రాఘవ:
శీను గారూ, మంచి ప్రశ్న అడిగారు, నేను ఇక్కడే చదివి ఇక్కడే ఉద్యోగంలో సెటిల్ అయ్యాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, లెంగ్త్ ఎక్కువైతే ఏమనుకోకండి.

ముందు ఐయూ సంగతి తెలిస్తేనే ఆయన చేసిన పని విలువ తెలుస్తుంది. ఇక్కడ అందరికీ బాస్కెట్‌బాలే ప్రాణం. ఫుట్‌బాల్ అంటే స్టేడియం బయట పార్కింగ్‌లో గ్రిల్ పెట్టుకుని తినడానికి ఒక సాకు, చాలామంది హాఫ్‌టైమ్‌కి లేచి ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళు. మొత్తం చరిత్రలో 700కి పైగా మ్యాచ్‌లు ఓడిన టీమ్ ఇది, 2024 సీజన్ మొదలయ్యేటప్పటికి దేశంలోని పెద్ద కాలేజీ టీమ్‌లలో అన్నిటికంటే ఎక్కువ ఓటములు మావే. బిగ్ టెన్ (ఐయూ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగ్) టైటిల్ అప్పటికి ఆఖరిసారి గెలిచింది 1967లో. ఒక సీజన్‌లో 10 మ్యాచ్‌లు గెలవడం అనేది అప్పటిదాకా అసలు ఎప్పుడూ జరగలేదు. 2023లో 3 గెలిచి 9 ఓడారు, పాత కోచ్ టామ్ అలెన్‌ని తీసేశారు, ఆ నవంబర్ ఆఖర్న సిగ్నెట్టిని తెచ్చారు.

ఇక ఆయన సంగతి. 1961లో పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి ఫ్రాంక్ సిగ్నెట్టి సీనియర్ కూడా కోచే, 1976 నుంచి 1979 దాకా వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీకి హెడ్ కోచ్. ఈయన అక్కడే 1979 నుంచి 82 దాకా క్వార్టర్‌బ్యాక్‌గా (టీమ్‌ని నడిపిస్తూ పాస్‌లు విసిరేవాడు) ఉన్నాడు, కానీ ఎక్కువ కాలం బెంచ్ మీదే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎప్పుడూ ఆడలేదు. 1983లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీలో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరాడు, అంటే మాస్టర్స్ చదువుకుంటూ కోచ్‌ల కింద పనిచేసే కుర్రాడన్నమాట, వీడియోలు చూసి నోట్స్ రాయడం, ప్రాక్టీస్‌కి కార్డులు గీయడం లాంటివి. తర్వాత డేవిడ్సన్, రైస్, టెంపుల్ కాలేజీలు, మళ్ళీ పిట్ (పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ), అక్కడినుంచి 2000లో నార్త్ కరోలినా స్టేట్. అక్కడ రిక్రూటింగ్ చూసుకునేవాడు. హైస్కూల్ పిల్లల్లో ఎవరు పైకొస్తారో చూసి తేవడమే ఆ పని. తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరుపడ్డ క్వార్టర్‌బ్యాక్‌లు ఫిలిప్ రివర్స్, రస్సెల్ విల్సన్ ఇద్దరూ ఆ కాలంలో అక్కడికి రిక్రూట్ అయినవాళ్ళే.

2007లో నిక్ సేబన్ అలబామాకి కోచ్‌గా వచ్చినప్పుడు తన మొదటి స్టాఫ్‌లో ఈయన్ని పెట్టుకున్నాడు, వైడ్ రిసీవర్ల (పాస్‌లు పట్టుకునేవాళ్ళ) కోచ్, రిక్రూటింగ్ కోఆర్డినేటర్ కూడా. సేబన్ గురించి తెలీకపోతే ఒక్క ముక్కలో చెప్తాను, ఏడు నేషనల్ టైటిళ్ళు గెలిచినాయన, ఈ కాలంలో ఆయన్ని మించిన కాలేజీ కోచ్ లేడని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. సిగ్నెట్టి అక్కడ 2010 దాకా నాలుగు సీజన్లు ఉన్నాడు. జూలియో జోన్స్ లాంటి రిసీవర్ ఈయన చేతిలోనే తయారయ్యాడు. 2009లో 14-0తో, అంటే 14 గెలిచి ఒక్కటీ ఓడకుండా, అలబామా ఛాంపియన్ అయినప్పుడు ఈయన ఆ స్టాఫ్‌లో ఉన్నాడు.

అంటే 1983 నుంచి 2010 దాకా 28 సీజన్లు ఎవరో ఒకరి కింద అసిస్టెంటే. అప్పటికి 49 ఏళ్ళు. మీరు "ఎందుకు కనపడలేదు" అన్నారు కదా, ఈ లైన్‌లో ఇదే పెద్ద గోడ. పెద్ద యూనివర్సిటీలు హెడ్ కోచ్ కావాలంటే ఆల్రెడీ హెడ్ కోచ్‌గా చేసినవాళ్ళని చూస్తాయి, లేదంటే అఫెన్స్ కోఆర్డినేటరో డిఫెన్స్ కోఆర్డినేటరో అయిన కుర్ర కోచ్‌ని. రిసీవర్ల కోచ్‌ని, అదీ యాభైకి దగ్గరపడ్డవాణ్ణి ఎవరూ పిలవరు. ఆయనకది అర్థమైంది. అరవై ఏళ్ళొచ్చినా అసిస్టెంట్‌గానే ఉండిపోవడం ఇష్టం లేక వెళ్ళానని తర్వాత ఆయనే చెప్పాడు.

ఎక్కడికి వెళ్ళాడన్నదే ఈ కథలో అసలు మలుపు. అది పిట్స్‌బర్గ్ వైపు వాళ్ళు చెప్తేనే బాగుంటుంది, మన గ్రూపులో పద్మజ గారు అక్కడే ఉంటారు, ఆవిడ చెప్తారు.

పిట్స్‌బర్గ్_పద్మజ:
రాఘవా, నువ్వు పిలిచావు కాబట్టి రాస్తున్నా, లేకపోయినా రాసేదాన్నే 🙂

శీను గారూ, పెన్సిల్వేనియాలో ఇండియానా అని ఒక చిన్న ఊరుంది, పిట్స్‌బర్గ్‌కి తూర్పున గంటన్నర లోపు డ్రైవ్. అక్కడి యూనివర్సిటీ పేరు ఇండియానా యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా, అందరూ ఐయూపీ అంటారు. మీ తమ్ముడు చదివే ఐయూకీ దీనికీ ఏ సంబంధం లేదు. సిగ్నెట్టి 2011లో అలబామా వదిలి హెడ్ కోచ్‌గా వెళ్ళింది ఈ ఐయూపీకి.

అది డివిజన్ టూ, అంటే పెద్ద కాలేజీల డివిజన్ వన్‌కి కింది స్థాయి. మీకు అంతరం తెలియాలంటే ఒక లెక్క చెప్తాను. అప్పట్లో అలబామా లాంటి టీమ్‌కి 85 ఫుల్ స్కాలర్‌షిప్పులు ఉండేవి, డివిజన్ టూలో లిమిట్ 36, అవి కూడా ముక్కలు చేసి ఒకడికి సగం, ఇంకొకడికి పావు అని పంచాలి. మీ పిల్లాడికి ఫీజులో ఇంత తగ్గిస్తాం, మిగతాది లోన్ పెట్టుకోండి అని తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ఒప్పించాలి. టీవీలో మ్యాచ్‌లు పెద్దగా రావు, దూరప్రయాణాలు బస్సులో. జీతం కూడా అలబామాలో వచ్చేదానికంటే తక్కువ. దేశం మొత్తంలో నంబర్ వన్ స్టాఫ్‌లో ఉన్న మనిషి, ఒంట్లో ఏ లోపమూ లేదు, ఎవరూ పొమ్మనలేదు, తనంతట తనే దిగి వెళ్ళాడు. ఇక్కడివాళ్ళే అప్పుడు ఇదేంటి అనుకున్నారు.

కానీ ఆ ఊరు ఆయనకి కొత్త కాదు. తండ్రి ఫ్రాంక్ గారు వెస్ట్ వర్జీనియాలో ఉండగా క్యాన్సర్ లాంటి అరుదైన జబ్బుతో చావుదాకా వెళ్ళి బతికారు, 1979 సీజన్ అయ్యాక అక్కడ ఉద్యోగం తీసేశారు. ఆ తర్వాత ఆయన ఐయూపీకి వచ్చారు, ఆయన చదువుకున్న కాలేజీయే అది. 1986 నుంచి 2005 దాకా హెడ్ కోచ్, 182 మ్యాచ్‌లు గెలిచి 50 ఓడారు, ఒకటి టై. రెండుసార్లు, 1990లో 1993లో, డివిజన్ టూ ఫైనల్ దాకా తీసుకెళ్ళారు. 2013లో కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. ఆ మైదానానికే ఇప్పుడు ఫ్రాంక్ సిగ్నెట్టి ఫీల్డ్ అని పేరు. కొడుకు వచ్చి కోచ్ అయ్యింది తండ్రి పేరున్న కాలేజీలో, ఊళ్ళో కిరాణా కొట్టువాడి దగ్గర్నుంచి అందరూ నాన్నగారి లెక్కలతో పోల్చేవాళ్ళే. నాకైతే అలబామాలో టైటిల్ గెలవడం కంటే అక్కడ నిలబడటమే కష్టం అనిపిస్తుంది. ఆరు సీజన్లలో 53 గెలిచి 17 ఓడాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. 1978, 79లో వెస్ట్ వర్జీనియాలో ఫ్రాంక్ గారి స్టాఫ్‌లో ఒక కుర్ర కోచ్ ఉండేవాడు, అతనే నిక్ సేబన్. తండ్రి దగ్గర పనిచేసినవాడి దగ్గర కొడుకు పనిచేశాడు. ఆ కుటుంబం అంతా అంతే, తమ్ముడు ఫ్రాంక్ జూనియర్ కూడా కోచింగ్‌లోనే, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో చేశాడు, పిట్‌లో అఫెన్స్ కోఆర్డినేటర్‌గా చేశాడు. ఫ్రాంక్ గారు 2022 సెప్టెంబర్‌లో పోయారు. కొడుకు నేషనల్ ఛాంపియన్ అవ్వడం చూడకుండా పోయారే అని ఇక్కడ పాత తరం వాళ్ళు ఇప్పటికీ బాధపడుతుంటారు, నాకూ అదే బాధ.

ఫిషర్స్_శీను:
పద్మజ గారూ, రాఘవ గారూ, థాంక్స్ అండీ. తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను, వాడికి కూడా ఆ రెండో ఇండియానా సంగతి తెలీదు. 49 ఏళ్ళప్పుడు జీతం తగ్గించుకుని చిన్న కాలేజీకి వెళ్ళడం అనేది మన ఇళ్ళల్లో ఎవరైనా చేస్తానంటే ముందు అమ్మే ఒప్పుకోదు.

ఇంకో రెండు డౌట్లు. ఐయూపీ నుంచి ఐయూకి మధ్యలో ఏం జరిగింది? రెండోది, ఆయన జీతం ఏడాదికి 11 మిలియన్ల డాలర్ల పైన అని చదివాను, నిజమేనా? మా తమ్ముడు కట్టే ఫీజులోంచే ఇస్తున్నారా అది? మా నాన్నగారు ఫోన్ చేసినప్పుడల్లా ఇదే అడుగుతున్నారు.

డాలస్_కిరణ్:
నేను కాస్త వేరేగా చెప్తాను, ఎవరూ హర్ట్ అవ్వద్దు. నేను పదేళ్ళుగా కాలేజ్ ఫుట్‌బాల్ ఫాలో అవుతున్నాను, సిగ్నెట్టి మంచి కోచ్ అనేదాంట్లో నాకు అనుమానం లేదు. కానీ ఇదే మనిషి 2010లోనో 2015లోనో ఇండియానాకి వచ్చుంటే ఇది జరిగేది కాదు. అప్పుడు ప్లేయర్ ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలి. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, ఈ ఏడాది ఇక్కడ, వచ్చే ఏడాది అక్కడ, వెంటనే ఆడొచ్చు. 2021 నుంచి ఎన్‌ఐఎల్ అనే రూల్ కింద ప్లేయర్లు తమ పేరు మీద డబ్బు తీసుకోవచ్చు, 2025 జులై నుంచి యూనివర్సిటీయే నేరుగా ప్లేయర్లకి డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాది దానికి లిమిట్ 20.5 మిలియన్ల డాలర్లు. బిలియనీర్ మార్క్ క్యూబన్ ఐయూలో చదివినవాడు, పిట్స్‌బర్గ్‌లోనే పుట్టినవాడు, ఆయన కూడా డబ్బిచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా కాలిఫోర్నియా బర్క్‌లీ నుంచి వచ్చి ఒక్క సీజన్ ఆడి హైస్మన్ ట్రోఫీ (ఏడాదిలో బెస్ట్ కాలేజీ ప్లేయర్‌కి ఇచ్చేది) కొట్టాడు. పాత రూల్స్ ఉంటే ఇలా మారి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ ఏడాది బెంచ్ మీద ఉండేవాళ్ళు.

కాబట్టి కోచ్ గొప్పే, టైమ్ కూడా కలిసొచ్చింది. ఆ రెండో ముక్క వదిలేసి కథ చెప్తే శీను గారికి సగమే చెప్పినట్టు.

వర్జీనియా_సుధ:
కిరణ్ గారు, రూల్స్ మారాయన్నది నూటికి నూరు శాతం నిజం, కానీ ఆ రూల్స్ దేశంలో అందరికీ ఒకేసారి మారాయి. ఐయూ కంటే డబ్బున్న కాలేజీలు బోలెడు ఉన్నాయి, వాళ్ళు కూడా పోర్టల్‌కి వెళ్ళారు, పెద్ద పెద్ద పేర్లు తెచ్చుకున్నారు, మరి వాళ్ళు ఐయూలా 16-0 ఎందుకు అవ్వలేదు? నేను జేమ్స్ మాడిసన్ యూనివర్సిటీ ఉన్న హ్యారిసన్‌బర్గ్‌లో చాన్నాళ్ళు ఉన్నాను కాబట్టి మధ్యలో ఏం జరిగిందన్న శీను గారి ప్రశ్నకీ, మీ వాదనకీ కలిపి రాస్తాను.

ఐయూపీ తర్వాత 2017లో నార్త్ కరోలినాలో ఈలాన్ అనే కాలేజీకి వెళ్ళాడు. అది ఎఫ్‌సీఎస్, అంటే డివిజన్ వన్‌లోనే రెండో మెట్టు. అంతకుముందు ఏడాది ఈలాన్ 2 గెలిచి 9 ఓడింది. ఈయన మొదటి ఏడాదే 8-4. రెండో ఏడాది మా హ్యారిసన్‌బర్గ్‌కి వచ్చి మా టీమ్‌ని 27-24తో ఓడించి వెళ్ళాడు, ఆ రోజు ఊరంతా డల్ అయిపోయింది, అప్పటికి కాన్ఫరెన్స్‌లో మాకు ఎదురే లేదు. ఆ సీజన్ అవ్వగానే మావాళ్ళు ఆయన్నే కోచ్‌గా తెచ్చుకున్నారు.

2019లో 14-2, ఎఫ్‌సీఎస్ ఫైనల్లో నార్త్ డకోటా స్టేట్ చేతిలో 28-20తో ఓడిపోయాం. ఆ తర్వాత రెండు సీజన్లూ సెమీఫైనల్. 2022లో మా కాలేజీ పై మెట్టు ఎఫ్‌బీఎస్‌కి మారింది, పై క్లాసుకి వెళ్ళిన టీమ్‌లు మామూలుగా రెండు మూడేళ్ళు దెబ్బలు తింటాయి, మావాళ్ళు మొదటి ఏడాది 8-3, రెండో ఏడాది 11-1. కానీ కొత్తగా వచ్చారు కాబట్టి రూల్ ప్రకారం కాన్ఫరెన్స్ టైటిల్ మ్యాచ్ ఆడటానికి వీల్లేదన్నారు, ఆ బాధ మాకు ఇప్పటికీ ఉంది. ఐదు సీజన్లు కలిపితే 52 గెలుపులు, 9 ఓటములు. మొత్తం మీద ఐయూకి వచ్చేసరికి హెడ్ కోచ్‌గా 119-35, ఒక్క ఏడాది కూడా ఓటములు గెలుపులకంటే ఎక్కువ లేవు. కొత్తలో ఐయూ ప్రెస్ మీట్‌లో, మీరు ప్లేయర్లని ఎలా నమ్మిస్తారు అని అడిగితే, సింపుల్, నేను గెలుస్తాను, గూగుల్ చేసుకోండి అన్నాడు. చాలామంది పొగరు అనుకున్నారు. మా ఊళ్ళో మాత్రం ఎవరూ అలా అనుకోలేదు, మాకు తెలుసు కదా.

ఇప్పుడు పోర్టల్ సంగతి. ఆయన ఐయూకి వెళ్ళేటప్పుడు మా దగ్గర్నుంచి 13 మంది ప్లేయర్లు వెంట వెళ్ళారు. మికైల్ కమారా, ఎయిడెన్ ఫిషర్, డియాంజెలో పాండ్స్, ఎలైజా సరాట్ వీళ్ళంతా మావాళ్ళే. హైస్కూల్లో వీళ్ళని పెద్ద కాలేజీలు పట్టించుకోలేదు. స్టాఫ్ కూడా అంతే, డిఫెన్స్ చూసే బ్రయంట్ హేన్స్, అఫెన్స్ చూసే మైక్ షానహన్, ఇద్దరూ ఐయూపీ రోజుల నుంచి ఆయన దగ్గర పనిచేసినవాళ్ళు. ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది, భవిష్యత్తులో ఏదో చేస్తాడు అనే కుర్రాడికంటే ఆల్రెడీ మైదానంలో చేసి చూపించినవాడు నాకు కావాలి అని. హైస్కూల్ ప్లేయర్లకి ఇచ్చే స్టార్ రేటింగులు చూడడు, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడు, ఎన్ని క్యాచ్‌లు పట్టాడు, ఎన్ని టాకిల్స్ చేశాడు (బంతి ఉన్నవాణ్ణి పడగొట్టాడు), అది చూస్తాడు. మెండోజానే తీసుకోండి, హైస్కూల్ అయ్యాక పెద్దగా ఆఫర్లు లేక ముందు యేల్‌కి వెళ్దామనుకున్నాడు, ఆఖర్లో బర్క్‌లీ పిలిస్తే అక్కడికి వెళ్ళాడు. ఆ కుర్రాడిలో ఏముందో చూడగలిగిన కన్ను ఎక్కడ తయారైంది? నా లెక్కలో ఐయూపీలోనే. 36 స్కాలర్‌షిప్పుల్ని ముక్కలు చేసి పంచాల్సి వచ్చినప్పుడు ఒక్క తప్పు ఎంపిక కూడా భరించలేరు, ఎదిగొచ్చాక బాగుంటాడులే అని ఎవర్నీ పెట్టుకోలేరు. పోర్టల్ వచ్చాక అందరికీ ఆ విద్య అవసరమైంది, ఈయనకి అప్పటికే పదేళ్ళ అనుభవం ఉంది. కాలం కలిసొచ్చిందన్నారు, ఒప్పుకుంటాను, కానీ అది వచ్చేసరికి సిద్ధంగా ఉన్నది ఈయనే.

డాలస్_కిరణ్:
సుధ గారూ, ఆ 36 స్కాలర్‌షిప్పుల పాయింట్ నేను ఆలోచించలేదు, బాగుంది. డబ్బు లేకుండా మాత్రం కుదరదు అనే మాట మీద నేను ఇంకా ఉన్నాను 🙏 2023 ఆఖర్లో ఆయన్ని ఎంత తక్కువకి తెచ్చుకున్నారు, ఇప్పుడు ఎంత ఇస్తున్నారు చూడండి.

బ్లూమింగ్టన్_రాఘవ:
జీతం సంగతి నేను చెప్తాను, శీను గారి నాన్నగారికి కూడా జవాబు వస్తుంది.

2023 ఆఖర్లో వచ్చినప్పుడు ఏడాదికి 4 మిలియన్ల దగ్గర ఉండేది. 2024 నవంబర్‌లో టీమ్ 10-0తో ఉన్నప్పుడే 8 మిలియన్లకి పెంచారు, ఆ సీజన్ 11-2 చేసి ప్లేఆఫ్‌కి (ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ మ్యాచ్‌లకి) తీసుకెళ్ళాడు. 2025 అక్టోబర్‌లో పెన్ స్టేట్ వాళ్ళు తమ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని తీసేశారు, సిగ్నెట్టిది పెన్సిల్వేనియానే కాబట్టి ఇక ఎగరేసుకుపోతారని ఇక్కడ అందరికీ భయం పట్టుకుంది. నాలుగు రోజుల్లో ఐయూ కొత్త ఒప్పందం ప్రకటించింది, ఎనిమిదేళ్ళు, సగటున ఏడాదికి 11.6 మిలియన్లు. మీరు చదివింది ఆ ఒప్పందం గురించే, అది నిజమే. కానీ అది ట్యూషన్ ఫీజు డబ్బు అనుకోకండి. బిగ్ టెన్‌కి ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకి 7 బిలియన్ల పైన టీవీ ఒప్పందం ఉంది, అందులో ప్రతి కాలేజీకీ వాటా వస్తుంది, దానికి టికెట్లు, పాత విద్యార్థుల డొనేషన్లు. అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్ ప్రధానంగా వీటి మీద నడుస్తుంది. ఒక రిసెర్చ్ చేసే ప్రొఫెసర్‌కీ ఫుట్‌బాల్ కోచ్‌కీ అంత తేడా ఉండొచ్చా అని అడిగితే నాకూ ఉండకూడదనే ఉంటుంది, కానీ ఆ తేడా దేశమంతా ఉంది, బ్లూమింగ్టన్‌లో కొత్తగా వచ్చింది కాదు.

ఇక మైదానంలో ఆయన ఎలా ఆలోచిస్తాడో చూడాలంటే ఫైనల్ నాలుగో క్వార్టర్ చూడండి. జనవరి 19, మయామీలో, ఎదురుగా మయామీ టీమే, అంటే వాళ్ళ సొంత స్టేడియం. అంతకుముందు మూడో క్వార్టర్‌లో కమారా, సుధ గారు చెప్పిన కుర్రాడే, పంట్ కిక్‌ని (బంతిని దూరంగా అవతలి టీమ్‌కి తన్నేసేది) చేత్తో అడ్డుకుంటే బంతి ఎండ్ జోన్‌లో, అంటే గోల్ లైన్ అవతల, మనవాళ్ళకి దొరికి టచ్‌డౌన్ అయ్యింది. తర్వాత స్కోర్ 17-14. మనకి నాలుగో డౌన్. శీను గారూ, నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు వెళ్ళాలి, నాలుగోది ఆఖరి ఛాన్స్, అది పోతే బంతి వాళ్ళకి ఇచ్చేయాలి. గోల్ లైన్ 12 గజాల దూరం. ఎవరైనా ఫీల్డ్ గోల్ కొట్టి మూడు పాయింట్లు తీసుకుంటారు, ఆయన కూడా కిక్కర్‌ని పంపాడు. పంపినవాడు టైమౌట్ అడిగి వెనక్కి పిలిచాడు. మెండోజాని మళ్ళీ లోపలికి పంపి, పాస్ ఇస్తున్నట్టు వెనక్కి తగ్గి మధ్యలోంచి నేరుగా పరిగెత్తే ప్లే ఇచ్చాడు. మెండోజా రన్నర్ కాదు, పొడుగాటి మనిషి. ఇద్దర్ని గుద్దుకుని, తూలి, తిరిగి నిలబడి ఆఖర్లో బంతిని ముందుకు చాపి గాల్లోకి దూకాడు. 24-14. ఆఖర్లో మయామీ వాళ్ళు గెలుపు కోసం ముందుకొస్తుంటే జమారి షార్ప్ వాళ్ళ పాస్ లాగేసుకున్నాడు, షార్ప్ పుట్టి పెరిగింది కూడా మయామీలోనే. 27-21. మొత్తం 16-0, ఒక సీజన్‌లో అన్ని మ్యాచ్‌లు ఆడి ఒక్కటీ ఓడని టీమ్ అంతకుముందు 1894లో యేల్ ఒక్కటే.

దానికి ముందు రోజ్ బౌల్‌లో ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్ కూడా చూడండి, జనవరి 1న అలబామాని 38-3తో కొట్టారు, 15 ఏళ్ళ కిందట ఆయన వదిలి వచ్చిన అలబామానే. ఆ టీమ్‌కి ఇప్పటి కోచ్ కేలెన్ డిబోర్ 2019లో మా ఐయూలోనే అఫెన్స్ కోఆర్డినేటర్‌గా చేశాడు. మ్యాచ్ అంతా చూడండి, స్కోర్ 30 దాటాక కూడా సిగ్నెట్టి మొహంలో నవ్వు కనపడదు, పెదవులు బిగించి నడుము మీద చేతులు పెట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు, ఎవడో చిన్న తప్పు చేస్తే అప్పుడు కూడా అరుస్తాడు.

పిట్స్‌బర్గ్_పద్మజ:
వాళ్ళ నాన్నగారు కూడా అంతేనట, సైడ్‌లైన్ మీద నవ్వేవారు కాదని ఇక్కడ మా పక్కింటి పెద్దాయన అంటుంటాడు, ఐయూపీలో చదివినాయన.

శీను గారూ, ఇంకొకటి. మీరు మొదటిసారి చూస్తున్నారు కాబట్టి గెలిచిన మ్యాచ్‌లే కాకుండా 2024 డిసెంబర్ 20న నోటర్ డామ్ మీద ఓడిన ప్లేఆఫ్ మ్యాచ్ కూడా చూడండి, 27-17. ఆ స్కోర్ చూసి దగ్గరి మ్యాచ్ అనుకోవద్దు, చివర్లో రెండు టచ్‌డౌన్లు వచ్చాయి కాబట్టి అలా కనపడుతుంది, లైన్‌లో, అంటే ఎదురెదురుగా గుద్దుకునే ముందు వరసలో, మనవాళ్ళు అస్సలు ఆగలేకపోయారు. వీళ్ళు అసలు ప్లేఆఫ్‌కి అర్హులేనా, తేలిక మ్యాచ్‌లు ఆడి వచ్చారు అని టీవీలో చాలా అన్నారు. అది చూశాక 2025లో ఒరెగాన్ వెళ్ళి 30-20తో గెలిచిన మ్యాచ్ పెట్టుకోండి, ముందు వరసలో ఏం మార్చాడో మీకే తెలుస్తుంది.

ఫిషర్స్_శీను:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండీ. శనివారం తమ్ముడు వస్తున్నాడు, పద్మజ గారు చెప్పిన ఆర్డర్‌లోనే ముందు నోటర్ డామ్, తర్వాత ఒరెగాన్ చూస్తాం. నాన్నగారికి టీవీ డబ్బు సంగతి చెప్పాను, ఆయన వెంటనే "49 ఏళ్ళకి వెళ్ళిన ఆ చిన్న కాలేజీలో ఎంత ఇచ్చారో కనుక్కో" అన్నారు. సుధ గారూ, ఈలాన్‌తో మీవాళ్ళు ఓడిన ఆ 27-24 మ్యాచ్ ఎక్కడైనా దొరుకుతుందా? అది కూడా చూడాలని ఉంది.

వర్జీనియా_సుధ:
దొరుకుతుంది, హైలైట్స్ మాత్రం ఉంటాయి. చివరి క్వార్టర్ చూడండి చాలు. లింక్ మెసేజ్‌లో పెడతాను.